నాన్నగారి కె1000 లెన్స్ సోనీ ఏ6400 మీద: ఫంగస్, ఫోకస్, హెలియోస్ గురించి నా జవాబు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, ఇలాంటి లెన్స్ ఇంట్లో ఉన్న మరొకరికి కూడా పనికొస్తుంది. కాకినాడలో మీ నాన్నగారు నడిపిన స్టూడియో మూసేశాక, సామాను సర్దుతుంటే ఆయన వాడిన పెంటాక్స్ కె1000 ఫిల్మ్ కెమెరా దొరికింది. దానికి ఎస్‌ఎంసీ పెంటాక్స్-ఎం 50 ఎంఎం ఎఫ్/2 లెన్స్ బిగించి ఉంది. మీ దగ్గర సోనీ ఏ6400 డిజిటల్ కెమెరా ఉంది కాబట్టి ఒక అడాప్టర్ తెప్పించి తగిలించారు. ఫొటోలు పడుతున్నాయి కానీ పదింటిలో ఏడెనిమిది సాఫ్ట్‌గా, అంటే కాస్త మసకగా వస్తున్నాయి. లెన్స్ లోపల సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తున్నాయి. స్నేహితులేమో దాన్ని పక్కన పెట్టి హెలియోస్ అనే పాత సోవియట్ లెన్స్ కొనమంటున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ లెన్స్ అమ్మకండి. హెలియోస్ ఇప్పుడే కొనకండి. ఫొటోలు సాఫ్ట్‌గా రావడానికి లెన్స్ కంటే ఫోకస్ చేసే పద్ధతే కారణమని నాకు అనిపిస్తోంది, అది రెండు మూడు వారాల్లో చేతికి వచ్చే పని. ఫంగస్ సంగతి మాత్రం ఈ రోజే చూడాలి, అందుకే దానితో మొదలుపెడతాను.

లెన్స్‌ను కెమెరా నుంచి తీయండి. అపర్చర్ రింగ్‌ను (లోపలి వెలుతురు రంధ్రం ఎంత తెరుచుకోవాలో మార్చేది) ఎఫ్/2 మీద, అంటే పూర్తిగా తెరిచి పెట్టి, రెండు మూతలూ తీసి, గది చీకటి చేయండి. ఫోన్ టార్చ్‌ను వెనక గాజు వైపు నుంచి కొంచెం ఏటవాలుగా వేసి, ముందు నుంచి చూడండి. చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే అది దుమ్ము, దాని గురించి ఆలోచించనక్కర్లేదు. నలభై ఏళ్ళ లెన్స్‌లో దుమ్ము లేకపోతేనే ఆశ్చర్యం. గాజు మీద ఊపిరి వదిలినట్టు పల్చటి పొర కనిపిస్తే అది హేజ్, కాంట్రాస్ట్ తగ్గిస్తుంది. చెట్టు వేళ్ళలా కొమ్మలు కొమ్మలుగా పాకిన సన్నటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. మీరు రాసిన దాన్ని బట్టి ఇదే అయి ఉంటుంది.

మన కోస్తాలో ఫంగస్ రావడం మామూలే. గాలిలో తేమ ఎక్కువ కాలం అలాగే ఉండిపోతుంది, బీరువాలో గాలి ఆడదు, చీకటి. నేను విశాఖలో ఇరవై ఏళ్ళకు పైగా పెళ్ళి ఫొటోలు తీశాను, మొదట్లో అంతా ఫిల్మ్ మీదే. ఒక ఏడాది సీజన్ అయిపోయాక నా 105 ఎంఎం లెన్స్‌ను దాని తోలు కేసులోనే పెట్టి బీరువాలో దాచాను. వానాకాలం వెళ్ళాక తీస్తే మధ్య గాజు మీద ఫంగస్ పాకి ఉంది. తోలు తేమను పట్టి ఉంచుతుందని నాకు అప్పుడు తెలియదు. రిపేరు చేసే ఆయన చాలావరకు శుభ్రం చేశారు కానీ, ఫంగస్ గాజు మీది పూతను (కోటింగ్) తినేసిన చోట మచ్చ అలాగే ఉండిపోయింది. ఆ లెన్స్‌తో తర్వాత కూడా ఎన్నో పెళ్ళిళ్ళు తీశాను. వెలుతురు ఎదురుగా పడినప్పుడు తప్ప తేడా తెలిసేది కాదు.

అందుకని కంగారు పడకండి, ఆలస్యమూ చేయకండి. అంచుల్లో రెండు దారాలుంటే ఫొటో మీద ప్రభావం దాదాపు ఉండదు. మధ్యలో గుత్తిలా ఉంటే మాన్యువల్ లెన్స్‌లు విప్పడం తెలిసిన మెకానిక్‌కు ఇవ్వండి. మీరే వీడియో చూసి విప్పాలనుకోకండి. ఫోకస్ మరలో చాలా పట్టాలు ఉంటాయి, మళ్ళీ బిగించేటప్పుడు సరిగ్గా విప్పిన పట్టాలోనే ఎక్కించాలి. ఒక్కటి తప్పితే దూరంగా ఉన్నదేదీ ఫోకస్‌లోకి రాదు. శుభ్రమై వచ్చాక గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు, ఒక చిన్న తేమ మీటరు వేసి దాచండి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. మరీ ఎండగట్టినా లోపలి గ్రీజుకు మంచిది కాదు. అన్నిటికంటే మంచి మందు మాత్రం లెన్స్‌ను తరచుగా బయటికి తీసి వాడటమే.

ఇక అసలు ఈ లెన్స్ మీ కెమెరాకు ఎలా సరిపోయిందో ఒక్క మాట. కె1000 లాంటి కెమెరాలో లెన్స్‌కు, ఫిల్మ్‌కు మధ్య అద్దం లేచి దిగడానికి చోటు కావాలి. అందుకే పెంటాక్స్ మౌంట్ (లెన్స్ బిగించే చోటు) నుంచి ఫిల్మ్ వరకు 45.46 మిల్లీమీటర్ల దూరం పెట్టారు. మీ సోనీలో అద్దం లేదు, మౌంట్ నుంచి సెన్సర్ వరకు 18 మిల్లీమీటర్లే. మిగిలిన 27.46 మిల్లీమీటర్లను మీ అడాప్టర్ నింపుతుంది. అందులో గాజు లేదు, వైర్లు లేవు, అదొక ఖాళీ గొట్టం. అద్దమున్న డిజిటల్ కెమెరాల (డీఎస్‌ఎల్‌ఆర్) రోజుల్లో ఇది ఇంత సులువు కాదు. నికాన్ ఎఫ్ మౌంట్ దూరం 46.5 మిల్లీమీటర్లు కాబట్టి దాని మీద పెంటాక్స్ లెన్స్ పెడితే, మధ్యలో అదనపు గాజు లేకుండా దూరపు కొండలు ఫోకస్ అయ్యేవి కావు. 2008లో పానసోనిక్ జీ1తో మిర్రర్‌లెస్ (అద్దం లేని) కెమెరాలు మొదలయ్యాక బీరువాల్లో ఉన్న లెన్స్‌లకు మళ్ళీ పని దొరికింది.

గొట్టమే కదా అని మరీ నాసిరకం తీసుకోకండి. లెన్స్ బిగించాక చేత్తో తిప్పితే కటకట కదలకూడదు. లోపలి గోడ మెరుస్తుంటే వెలుతురు దాని మీద పడి ఫొటో తెల్లబారుతుంది, నల్లటి వెల్వెట్ కాగితం అతికిస్తే తగ్గుతుంది. చాలా అడాప్టర్లను కావాలనే వెంట్రుకవాసి పొట్టిగా చేస్తారు. అలాంటప్పుడు రింగ్‌ను ఇన్ఫినిటీ (అనంత దూరం) గుర్తు దాకా తిప్పేస్తే ఫోకస్ అసలు దూరాన్ని దాటిపోతుంది. బీచ్‌లో తీసిన పడవల ఫొటోలన్నీ సాఫ్ట్‌గా వచ్చాయని రాశారు కదా, కారణం ఇదే కావచ్చు. దూరపు దృశ్యమైనా రింగ్‌ను చివరిదాకా నెట్టకుండా, కంటితో చూసి ఆపండి.

కెమెరా మెనూలో 'లెన్స్ లేకుండా రిలీజ్' ఆన్ చేశారని రాశారు, అది సరే. ఈ లెన్స్‌లో చిప్ లేదు కాబట్టి కెమెరాకు అది కనిపించదు, అపర్చర్ అంకె కూడా చూపించదు. కెమెరాను 'A' (అపర్చర్ ప్రయారిటీ) మోడ్‌లో పెట్టుకోండి. అపర్చర్ మీరు లెన్స్ మీద తిప్పితే షట్టర్ స్పీడ్ కెమెరా చూసుకుంటుంది.

ఇప్పుడు ఫోకస్. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మీరు ఫోకస్ పీకింగ్ ఆన్ చేసి, ముఖం మీద ఎర్ర గీతలు రాగానే నొక్కుతున్నారని అర్థమైంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. పీకింగ్ అనేది కాంట్రాస్ట్ ఉన్న అంచుల్ని వెతికి రంగు వేస్తుంది, అంతే. ఎర్ర గీత వచ్చిందంటే ఫోకస్ ఆ దగ్గర్లో ఉందని అర్థం, సరిగ్గా అక్కడే ఉందని కాదు. మీ లెన్స్‌ను ఎఫ్/2లో పెట్టి మీటరున్నర దూరంలో మనిషిని తీస్తే, మీ సైజు సెన్సర్ మీద షార్ప్‌గా వచ్చే మందం సుమారు 7 సెంటీమీటర్లు. కన్ను నుంచి చెవి దాకా అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఇంకా దగ్గరికి, లెన్స్ ఒప్పుకునే 45 సెంటీమీటర్లకు వెళ్తే ఆ మందం సెంటీమీటరు కూడా ఉండదు. కనుబొమ్మ మీద ఫోకస్ పడితే కన్ను పోతుంది.

కాబట్టి పని రెండు మెట్లలో చేయండి. మొదట పీకింగ్ చూసుకుంటూ దగ్గరికి రండి. తర్వాత జూమ్ చేసి చూపించే ఫోకస్ మాగ్నిఫయర్‌ను చేతికి అందే ఒక బటన్‌కు పెట్టుకుని, కంటి రెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపించే దాకా రింగ్‌ను సన్నగా తిప్పండి. పీకింగ్ లెవల్‌ను తక్కువలో పెట్టండి, గీత సన్నగా ఉంటేనే నమ్మొచ్చు. ఇంకో చిట్కా, ఇది నాకు చాలా ఉపయోగపడింది: రా (RAW, సెన్సర్ నమోదు చేసిన అసలు ఫైల్), జేపెగ్ రెండూ సేవ్ అయ్యేలా పెట్టి, క్రియేటివ్ స్టైల్‌ను బ్లాక్ అండ్ వైట్ చేయండి. వ్యూఫైండర్‌లో లోకమంతా నలుపు తెలుపుగా ఉంటే ఎర్ర గీత స్పష్టంగా తెలుస్తుంది. ముఖ్యంగా ఎర్ర చీరలు, పసుపు కుంకాల మధ్య తీసేటప్పుడు తేడా మీకే కనిపిస్తుంది. రా ఫైల్‌లో రంగులన్నీ భద్రంగానే ఉంటాయి.

ఫోకస్ కుదిరాక మీ ఒళ్ళు కదలకూడదు. మనకు తెలియకుండానే ముందుకు వెనక్కి ఊగుతాం, ఆ 7 సెంటీమీటర్లలో సగం అక్కడే పోతుంది. మరీ దగ్గర ఫొటోలకు నేను రింగ్ తిప్పడం మానేసి, ఒక దూరంలో ఉంచేసి, నడుము నుంచి మెల్లగా ముందుకు వంగుతూ కన్ను షార్ప్ అయిన క్షణంలో రెండు మూడు ఫ్రేములు నొక్కుతాను. పువ్వులకు, దీపాలకు ఇది బాగా పనిచేస్తుంది.

ఫోకస్ ఎప్పుడూ ఎఫ్/2లో చేయండి, తర్వాతే ఎఫ్/4కో ఎఫ్/5.6కో తిప్పండి. అపర్చర్ మూసి ఉండగా పీకింగ్ ఆన్ చేస్తే ఫ్రేమంతా ఎర్రబడుతుంది, ఏది అసలు ఫోకసో తెలియదు. రింగ్ క్లిక్కులు కొద్ది రోజుల్లో వేలికి అలవాటవుతాయి, కన్ను వ్యూఫైండర్ నుంచి తీయకుండానే మార్చగలుగుతారు. నిజానికి నాకు ఈ లెన్స్‌లంటే ప్రేమ పుట్టింది ఇక్కడే. కొత్త లెన్స్‌లో ఫోకస్ రింగ్ తిప్పితే మోటారుకు కబురు వెళ్తుంది. ఇందులో మీ వేళ్ళే గాజును కదిలిస్తాయి. గ్రీజు బిగువు, రింగ్ ఎంత తిరిగితే ఎంత దూరం మారుతుందో, అన్నీ చేతికి తెలుస్తాయి. ఒకే లెన్స్‌ను నెల రోజులు వాడితే, మనిషి నాలుగడుగులు ముందుకు వచ్చేసరికి మీ చెయ్యి దానంతటది అక్కడికి తిరుగుతుంది.

సాఫ్ట్‌గా రావడానికి రెండో కారణం చెయ్యి వణకడం. ఏ6400లో బాడీ స్టెబిలైజేషన్ లేదు, లెన్స్‌లోనూ లేదు. మీ సెన్సర్ మీద 50 ఎంఎం లెన్స్ ఫ్రేము 75 ఎంఎం అంత ఇరుకుగా ఉంటుంది. చిప్ లేని లెన్స్ అని ఆటో ఐఎస్‌ఓలో (వెలుతురును బట్టి సెన్సర్ సున్నితత్వాన్ని కెమెరాయే మార్చుకునే అమరిక) కెమెరా 1/60 లాంటి స్పీడుకు దిగిపోతుంటుంది. ఆటో ఐఎస్‌ఓ కనీస షట్టర్ స్పీడును 1/160గా పెట్టండి, పిల్లలుంటే 1/250. ఐఎస్‌ఓ పెరిగి కాస్త గ్రెయిన్ వస్తే రానివ్వండి, కదిలిపోయిన ఫొటోకు వైద్యం లేదు.

ఈ రెండూ సరిచేసుకున్నాక మిగిలేదే లెన్స్ స్వభావం. ఎఫ్/2లో ఇది కొంచెం మెత్తగా, వెలుగు అంచుల చుట్టూ పల్చటి కాంతితో గీస్తుంది. ఎఫ్/4కు వచ్చేసరికి గట్టిపడుతుంది, ఎఫ్/5.6, ఎఫ్/8లో మీ 24 మెగాపిక్సెళ్ళకు సరిపడా వివరం ఇస్తుంది. ఎస్‌ఎంసీ అంటే పెంటాక్స్ వాళ్ళు 1971లో టాకుమార్ లెన్స్‌లతో మొదలుపెట్టిన మల్టీ కోటింగ్. ఆ కాలానికి అది చాలా ముందున్న పని, అందుకే మీ లెన్స్ ఎదురు వెలుతురును చాలా పాత లెన్స్‌ల కంటే బాగా తట్టుకుంటుంది. అయినా ముందు ఉన్న 49 ఎంఎం మరకు ఒక రబ్బరు హుడ్ (పక్క వెలుతురును ఆపే గొడుగు) కొనండి. మధ్యాహ్నపు ఎండలో ఫొటోలు పాలిపోయినట్టున్నాయని రాశారు, సగం జబ్బు దానితో పోతుంది. మిగతా సగాన్ని ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ కొంచెం పెంచి సరిచేయొచ్చు. బ్యాక్‌గ్రౌండ్ కూడా చూసుకోండి. కొబ్బరాకుల మధ్య నుంచి ఆకాశం కనిపించే చోట ఇలాంటి లెన్స్‌లు వెనకంతా గీతలు గీతలుగా గజిబిజి చేస్తాయి. సున్నం గోడో, నీడ ఉన్న గుమ్మమో వెనక పెట్టుకుంటే అదే లెన్స్ ఎంతో శాంతంగా గీస్తుంది.

హెలియోస్ సంగతికి వద్దాం. మీ స్నేహితులు చెప్పేది హెలియోస్ 44-2, 58 ఎంఎం ఎఫ్/2. దీనికి మూలం జర్మనీలో యెనా నగరపు కార్ల్ జైస్ వాళ్ళు 1930లలో చేసిన బయోటార్ అనే లెన్స్ డిజైన్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అది సోవియట్ చేతికి వచ్చింది, మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్‌లో కేఎంజెడ్ ఫ్యాక్టరీ దాన్ని జెనిత్ కెమెరాల కోసం లక్షల సంఖ్యలో తయారు చేసింది. దాని పేరంతా వెనకున్న ఆకులు సుడి తిరిగినట్టు కనిపించడం వల్ల వచ్చింది. ఫ్రేము అంచుల్లో వెలుగు చుక్కలు గుండ్రంగా కాకుండా పిల్లి కన్నులా కోసుకుపోయి, మధ్య చుట్టూ వరుస తీరతాయి. అదీ చిక్కు: ఆ సుడి ఉండేది అంచుల్లో. మీ కెమెరాలోని ఏపీఎస్-సీ సెన్సర్ ఫిల్మ్ ఫ్రేము కంటే చిన్నది కాబట్టి ఆ అంచులనే కోసేస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ (ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్న) కెమెరాలో తీసిన ఫొటోలు మనసులో పెట్టుకుని కొంటే మీకు నిరాశ తప్పదు. ఫోకల్ రెడ్యూసర్ అనే గాజున్న అడాప్టర్ కొంటే చాలావరకు వెనక్కి వస్తుంది, కానీ అదింకో ఖర్చు. ఎప్పటికైనా ఫుల్‌ఫ్రేమ్‌కు మారితే అప్పుడు తప్పకుండా కొనండి, అది ముచ్చటైన లెన్స్. కేఎంజెడ్ లెన్స్‌లలో చాలావాటికి సీరియల్ నంబరులో మొదటి రెండు అంకెలు తయారైన ఏడాదిని చెప్తాయి.

రెండో లెన్స్ కావాలనే అనిపిస్తే, ఇదే మౌంట్‌లో పెంటాక్స్-ఎం 28 ఎంఎం ఎఫ్/2.8 వెతకండి. అదే అడాప్టర్ సరిపోతుంది, మీ కెమెరాలో 42 ఎంఎం లెన్స్‌లా పనిచేస్తుంది. ఎఫ్/8లో పెట్టి ఫోకస్‌ను 5 మీటర్ల దగ్గర ఆపేస్తే, సుమారు రెండున్నర మీటర్ల నుంచి దూరమంతా షార్ప్‌గా వస్తుంది. ఇక సంతలో నడుస్తూ ఫోకస్ ముట్టుకోకుండా తీయొచ్చు, ఆటోఫోకస్ కంటే వేగం. లెన్స్ మీద చెక్కిన దూరాల స్కేలును మాత్రం పూర్తిగా నమ్మకండి, అది ఫిల్మ్ కోసం లెక్క కట్టింది. ఎఫ్/8లో ఉన్నప్పుడు ఎఫ్/5.6 గీతల మధ్య ఉన్నదే షార్ప్ అనుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు, ఢిల్లీ చాందినీ చౌక్‌లోని కూచా చౌధరీ మార్కెట్‌కు వెళ్ళినా ఆన్‌లైన్‌లో కొన్నా, పైన చెప్పిన టార్చ్ పరీక్ష చేయకుండా డబ్బు ఇవ్వకండి. ఆన్‌లైన్ అయితే టార్చ్ వేసిన ఫొటో అడగండి. పంపడానికి ఇష్టపడని వాళ్ళ దగ్గర కొనొద్దు. ముందు గాజు మీద ఒక గీత ఉన్నా ఫరవాలేదు, వెనక గాజు మీద గీత ఉంటే వదిలేయండి. అపర్చర్ రేకుల మీద నూనె ఉంటే ఫిల్మ్ కెమెరాలో పెద్ద లోపం, ఎందుకంటే షట్టర్ పడే క్షణంలో అవి టక్కున మూసుకోవాలి. మనం ముందే చేత్తో మూసుకుంటాం కాబట్టి కాస్త నెమ్మదిగా కదిలినా పని జరుగుతుంది, అలాంటివి చవకగా దొరుకుతాయి. పాత సూపర్ టాకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4 కనిపించి గాజు టీ రంగులో ఉంటే భయపడకండి. ఏడు గాజులున్న రకంలో థోరియం అనే రేడియోధార్మిక మూలకం కలిపిన గాజు వాడారు, అది ఏళ్ళ తరబడి పసుపెక్కుతుంది. అల్ట్రావయొలెట్ దీపం కింద కొన్ని రోజులు ఉంచితే రంగు చాలావరకు విరుగుతుంది. మామూలుగా కెమెరాకు పెట్టి వాడుకోవచ్చు, ఆ గాజును అరగదీయడం, పగలగొట్టడం మాత్రం చేయకూడదు. ఎండలో పెట్టి ఆ రంగు పోగొట్టాలనుకుంటే పక్కనే కూర్చోండి, లెన్స్ ఎండను ఒకచోటికి చేర్చి గుడ్డను అంటించగలదు.

ఈ నెలకు మీరు చేయాల్సింది నా లెక్కలో ఇంతే: ఫంగస్ శుభ్రం చేయించండి, హుడ్ కొనండి, వేరే లెన్స్ ముట్టుకోకండి. ఉప్పాడ మీకు దగ్గరే కదా. మగ్గం దగ్గర కూర్చున్న వాళ్ళను అడిగి, కిటికీ వెలుతురులో ఒక పూట తీయండి. నేతలో చేతులు ఒకే దారిలో వెళ్ళి వస్తుంటాయి, కదిలే దాని మీద మాన్యువల్ ఫోకస్ నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. చెయ్యి ఎక్కడికి వస్తుందో అక్కడ ముందే ఫోకస్ పెట్టి ఎదురు చూడండి. ఉప్పుగాలి తగిలి ఇంటికి వచ్చాక లోహపు భాగాలను పొడి గుడ్డతో తుడవడం మరచిపోకండి.

ఇంకొకటి. నాన్నగారు ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నారని, కెమెరా చూసి సంతోషించారని రాశారు. కె1000 వ్యూఫైండర్ మధ్యలో గరుకు గరుకుగా మెరిసే చిన్న వలయం ఉంటుంది, ఫోకస్ కుదరగానే అది నునుపుగా మారిపోతుంది. ఆయన అన్నేళ్ళూ దాన్ని చూసే ఫోకస్ చేశారు. మీ సోనీలో అది ఉండదు కాబట్టి మొదట తడబడొచ్చు. వ్యూఫైండర్ పక్కనున్న చిన్న డయాప్టర్ చక్రాన్ని ఆయన కంటికి సరిపెట్టండి, మాగ్నిఫయర్ బటన్ ఏదో చూపించండి, స్క్రీన్ మీద మిగతా అంకెలన్నీ తీసేసి కెమెరా చేతికివ్వండి. కిటికీ పక్కన మీరు కూర్చోండి. ఎఫ్/2.8, 1/160. రింగ్ ఎటు తిప్పాలో ఆయనకు చెప్పక్కర్లేదు.